నిమ్ము, ఒక కళ్లె డబ్బా, నేను చెప్పని మాట

విశాఖలో మా కంచరపాలెంలో దగ్గు, జ్వరం వస్తే ముందు వెళ్లేది మెడికల్ షాపుకే. నేనూ అలాగే వెళ్లాను. అది 2023 నవంబరు మొదటి వారం. నాలుగు రోజులుగా దగ్గు. సాయంత్రమయ్యేసరికి ఒళ్లు కాలిపోయేది. షాపులో అబ్బాయి మూడు అజిత్రోమైసిన్ బిళ్లలు, ఒక పట్టీ డోలో, ఒక దగ్గు మందు సీసా కవర్లో వేసి ఇచ్చాడు. "మూడు రోజులు వాడండమ్మా, తగ్గిపోద్ది" అన్నాడు. అజిత్రోమైసిన్ యాంటీబయాటిక్ కదా, ఆ పట్టీ మీద నిలువుగా ఎర్ర గీత ఉంది. డాక్టరు చీటీ లేకుండా వాడకూడదని చెప్పే గీత అది. దాని అర్థం నాకు అప్పుడు తెలియదు.

ఆ అబ్బాయికి నేను చెప్పని మాట ఒకటుంది. నాకు హెచ్‌ఐవీ ఉంది. మా ఆయన పోయిన మరుసటి ఏడు, 2012లో, పరీక్షలో తెలిసింది. అప్పుడు నా సీడీ4, అంటే జబ్బుల్ని తట్టుకునే రక్తకణాల లెక్క, 210. కేజీహెచ్ పెద్దాసుపత్రిలో హెచ్‌ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్లో పేరు రాయించుకుని మందులు మొదలుపెట్టాను. పదకొండేళ్లలో మందులు రెండుసార్లు మారాయి. 2021 నుంచి రోజుకు ఒకటే బిళ్ల, మూడు మందులు కలిసిన టీఎల్‌డీ. కంచరపాలెం మెట్టు దగ్గర జాకెట్లు కుట్టే చిన్న షాపు పెట్టుకుని ఇద్దరు పిల్లల్ని చదివించాను. నన్ను చూసినవాళ్లు ఎవరూ రోగి అనుకోలేదు. సీడీ4 ఆరువందలు దాటింది. సీడీ4 తక్కువున్నప్పుడు వేరే జబ్బులు రాకుండా ఇచ్చే సెప్ట్రాన్ బిళ్లలు కూడా ఎప్పుడో ఆపేశారు.

ఇంత బాగున్నదాన్ని ఎక్కడ చెడగొట్టుకున్నానంటే, బెంగళూరులో. 2023 ఫిబ్రవరిలో పెద్దమ్మాయి పురుడుకని వెళ్లాను. ఒకటే పడకగది ఇల్లు. నేనూ మా వియ్యపురాలూ హాల్లో పక్కపక్కనే పడుకునేవాళ్లం. నా జబ్బు సంగతి మా అమ్మాయికే తెలియదు, ఇంక వియ్యపురాలికి ఎలా తెలియనిస్తాను? తీసుకెళ్లిన మందులు మూడు నెలలకు సరిపోయాయి. మొదట్లో బిళ్లల్ని డబ్బాలోంచి తీసి కుంకుమ భరిణెలో దాచుకుని వేసుకున్నాను. అవి అయిపోయాక, అడగాల్సిన చోట అడగలేదు. దేశంలో ఏ ఊళ్లో ఉన్నా అక్కడి ఏఆర్‌టీ సెంటర్‌కు మన కాగితాలు పంపిస్తారు, ఉచితంగా మందులిస్తారు. ఫోన్ చేసి అడిగితే చాలు. "ఇంకో నెలలో వెళ్లిపోతాను కదా" అనుకుంటూ నెలలు గడిపేశాను. మనవడి ఒంటికి నూనె రాసి నీళ్లు పోస్తుంటే నాకు జబ్బుందన్న సంగతే గుర్తొచ్చేది కాదు.

సెప్టెంబరులో విశాఖ తిరిగొచ్చాక కూడా సెంటర్‌కు వెళ్లలేదు. "ఇన్నాళ్లు ఎందుకు రాలేదు" అని అడుగుతారన్న భయం. నవంబరు దగ్గు వెనక ఇంత కథ ఉంది. అప్పటికి మందులు ఆపి ఆరు నెలలు.

అజిత్రోమైసిన్‌తో రెండు రోజులు జ్వరం తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చింది. మా వీధిలో ఆర్‌ఎంపీ ఉన్నారు. ఆయన మూడు రోజులు పొద్దున, సాయంత్రం సెఫ్ట్రియాక్సోన్ ఇంజక్షన్ చేశారు. అదీ అంతే. తర్వాత ఆయాసం మొదలైంది. మిషను తొక్కలేకపోయాను. మా తమ్ముడు ఒక నర్సింగ్‌హోమ్‌లో చేర్పించాడు. పేరు రాయను. ఎక్స్‌రే తీసి, ఊపిరితిత్తుల్లో కుడివైపు కింది భాగంలో నిమ్ము, అంటే న్యుమోనియా, ఉందన్నారు. చేర్చుకునేటప్పుడు ఒకమ్మాయి ఫారం పట్టుకొచ్చి "షుగర్, బీపీ, ఇంకేమైనా జబ్బులున్నాయా ఆంటీ?" అని అడిగింది. తమ్ముడు పక్కనే ఉన్నాడు. "ఏమీ లేవమ్మా" అన్నాను.

ఆ రెండు మాటలకు నేను చెల్లించిన మూల్యం నాకే తెలుసు. ఆరు రోజులు చేతికి సూది ఉంచి, ఖరీదైన యాంటీబయాటిక్ ఇంజక్షన్ ఎక్కించారు. కళ్లె పరీక్షకు మాత్రం పంపలేదు. నేను నిజం చెప్పి ఉంటే పంపేవారేమో. జ్వరం తగ్గింది, ఇంటికి పంపారు. ఏడు రోజులు వేసుకోమని లీవోఫ్లాక్సాసిన్ బిళ్లలు రాశారు. అవి అయిపోయిన రోజు రాత్రే చలి పట్టుకుంది. రెండు దుప్పట్లు కప్పినా పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. కళ్లె చిక్కగా, ఇటుక రంగులో వచ్చింది. బాత్రూమ్‌కు వెళ్లి వచ్చేలోపు రెండుసార్లు గోడ పట్టుకుని నిలబడ్డాను.

తెల్లారితే డిసెంబరు 1. తమ్ముణ్ని కూర్చోబెట్టి చెప్పాను. పదకొండేళ్లు దాచిన మాట చెప్పడానికి ఒక నిమిషం కూడా పట్టలేదు. వాడు కాసేపు నేలకేసి చూశాడు. "బావ పోయినప్పుడే నాకు అనుమానం ఉందక్కా. నువ్వు చెప్తే విందామని ఊరుకున్నాను" అన్నాడు. ఆటో పిలుచుకొచ్చాడు.

ఆటో కేజీహెచ్ డౌన్ దగ్గరకు వచ్చేసరికి నాకు భయం వేసింది, ఆయాసం వల్ల కాదు, కౌన్సెలర్ మేడం మొహం ఎలా చూడాలా అని. ఆ రోజు ప్రపంచ ఎయిడ్స్ దినం. గోడ మీద ఎర్ర రిబ్బను బొమ్మలు కొత్తగా అంటించి ఉన్నాయి. మేడం నన్ను చూడగానే కుర్చీలోంచి లేచారు. "ముందు కూర్చోమ్మా, మాటలు తర్వాత" అని వేలికి క్లిప్ పెట్టారు. ఆక్సిజన్ 88. "ఎందుకు రాలేదు" అని అప్పుడు అడగలేదు, ఆ తర్వాత కూడా అడగలేదు. "మళ్లీ ఆగిపోకుండా ఏం చేద్దాం?" అని మాత్రం అడిగారు, అదీ నేను కోలుకున్నాక.

అదే రోజు నన్ను ఒక ఆసుపత్రి వార్డులో చేర్చారు. అది ఏ ఆసుపత్రో చెప్పను. అక్కడివాళ్లు నా సంగతి గుట్టుగా ఉంచారు, నేనూ ఉంచుతాను. అక్కడి డాక్టరుగారు మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుని, అజిత్రోమైసిన్ నుంచి లీవోఫ్లాక్సాసిన్ దాకా ఏది ఎన్ని రోజులు వాడానో తేదీలతో సహా రాసుకున్నారు. తమ్ముడు తెచ్చిన ఖాళీ పట్టీలన్నీ దుప్పటి మీద పరిచి చూశారు. లీవోఫ్లాక్సాసిన్ దగ్గర ఆగి, "ఇది టీబీ మీద కూడా కొంత పనిచేస్తుందమ్మా. ఉన్న టీబీని పైకి కనబడనివ్వకుండా చేస్తుంది. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు నిమ్ము వస్తే ముందు టీబీ లేదని తేల్చుకోవాలి, తర్వాతే ఇలాంటివి" అన్నారు. మూడు అనుమానాలు చెప్పారు: టీబీ, పీసీపీ అనే ఫంగస్ నిమ్ము, మామూలు బాక్టీరియా నిమ్ము. మందులు ఆపేసినవాళ్లకు మూడూ రావచ్చు, మూడింటికీ మందు వేరు. పీసీపీలో ఎక్కువగా పొడి దగ్గు, మెల్లగా పెరిగే ఆయాసం ఉంటాయట. నాకు చలిజ్వరం, చిక్కటి కళ్లె, ఊపిరి పీలిస్తే కుడి డొక్కలో కత్తిపోటులాంటి నొప్పి. బాక్టీరియాయే అయివుంటుందని ఆయన అంచనా. అయినా పరీక్ష లేకుండా తేల్చరు.

అందుకే కళ్లె డబ్బా ఇచ్చారు. మూత బిగించే, వెడల్పు నోరున్న చిన్న ప్లాస్టిక్ డబ్బా. దగ్గి అందులో ఉమ్మి ఇచ్చేశాను. గంటలో ల్యాబ్ నుంచి తిరుగు కబురు: "ఇది ఉమ్మి, కళ్లె కాదు. మళ్లీ పంపండి." సూక్ష్మదర్శినిలో చూస్తే నోటి లోపలి చర్మకణాలే ఎక్కువ, చీము కణాలు తక్కువట. అలాంటిదాన్ని కల్చర్‌కు, అంటే ల్యాబ్‌లో క్రిమిని పెంచి చూసే పరీక్షకు, పెడితే నోట్లో మామూలుగా ఉండే క్రిములు పెరుగుతాయి, ఛాతీలో ఉన్నదేదో తెలియదు. తప్పుడు రిపోర్టు వస్తుంది, తప్పుడు మందు పడుతుంది.

రాత్రి డ్యూటీ సిస్టర్ నాకు నేర్పింది. మంచినీళ్లతో మూడుసార్లు పుక్కిలించి ఉమ్మేయాలి, పేస్టు వాడకూడదు. కూర్చుని రెండుసార్లు గుండెల నిండా గాలి పీల్చి, కాసేపు బిగబట్టి వదలాలి. మూడోసారి పీల్చి పొట్టలోంచి దగ్గాలి. ఉప్పు నీళ్ల ఆవిరి నెబులైజర్‌తో పట్టించింది, దాంతో లోపలి కళ్లె కదులుతుంది. పది నిమిషాలకు డొక్కలు పట్టేసినంత దగ్గు వచ్చి, అడుగునున్నది బయటికొచ్చింది. "ఇదీ కావాల్సింది" అని సిస్టర్ డబ్బాను లైటుకెత్తి చూసి, పేరూ టైమూ రాసి, వార్డుబాయ్‌ని వెంటనే పరుగెత్తించింది. కళ్లె రెండు గంటలకు మించి బయట ఉండకూడదట. రక్తం కల్చర్‌కు అంతకుముందే తీశారు. ఇవి రెండూ వెళ్లాకే యాంటీబయాటిక్ మొదటి డోసు ఎక్కించారు. "రిపోర్టు వచ్చేదాకా ఊరికే కూర్చోం. కానీ శాంపిల్ ముందు, మందు తర్వాత" అన్నారు డాక్టరుగారు. నెల రోజుల్లో నేను తిన్న మందుల్లో ఒక్కటి కూడా ఆ వరసలో రాలేదు.

మర్నాడు ఉదయానికి సీబీనాట్ అనే టీబీ పరీక్ష రిపోర్టు వచ్చింది, టీబీ లేదు. అయినా ద్రవ కల్చర్‌కు కూడా పంపారు, దానికి ఆరు వారాలు పడుతుంది. అదీ జనవరిలో నెగెటివ్ వచ్చింది. సీడీ4 138. "ఒంట్లో ఇంత ఇన్‌ఫెక్షన్ ఉన్నప్పుడు ఈ అంకె ఉన్నదానికంటే కొంత తక్కువే చూపిస్తుంది" అని డాక్టరుగారు నచ్చజెప్పారు గానీ నేను ఏడ్చాను. ఆరువందలు ఎక్కడ, నూటముప్పై ఎనిమిది ఎక్కడ.

బాక్టీరియా కల్చర్ రిపోర్టు వచ్చిన రోజు బాగా గుర్తుంది, డిసెంబరు 5. మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ఇక్కడా రెండు రోజులుగా వాన. తమ్ముడు తడిసి ముద్దయి వచ్చాడు. అప్పుడే ఆ కాగితం వచ్చింది. పైన క్లెబ్సియెల్లా న్యుమోనియే అని పేరు. కింద రెండు డజన్ల దాకా మందుల వరస, ఒక్కోదాని ఎదురుగా ఒక ఇంగ్లిష్ అక్షరం. ఎస్ అంటే పనిచేస్తుంది, ఆర్ అంటే పనిచేయదు. నా కాగితం నిండా ఆర్, ఆర్, ఆర్. సెఫ్ట్రియాక్సోన్ ఆర్. లీవోఫ్లాక్సాసిన్ ఆర్. సెప్ట్రాన్ ఆర్. ఆఖరి అస్త్రమనుకునే మెరోపెనెమ్ కూడా ఆర్. కొలిస్టిన్ ఎదురుగా ఐ అని ఉంది, మధ్యస్థమని దాని అర్థం. అమికాసిన్ ఎదురుగా మాత్రం ఎస్.

మైక్రోబయాలజీ చదువుతున్న ఒకమ్మాయి నా వివరాలు రాసుకోడానికి వచ్చింది. ఇది ఎలా తేలుస్తారని అడిగితే తన ఫోన్లో ఒక ఫొటో చూపించింది, నాది కాదు, అలాంటిదే. గుండ్రటి గాజు పళ్లెంలో క్రిమి పొరలా పరుచుకుని పెరిగింది. దాని మీద చొక్కా బొత్తాలంత తెల్లటి బిళ్లలు, ఒక్కోదానిలో ఒక్కో మందు. మందు పనిచేస్తే బిళ్ల చుట్టూ క్రిమి చచ్చి ఖాళీ వలయం ఏర్పడుతుంది. పనిచేయకపోతే క్రిమి బిళ్ల అంచుదాకా వచ్చేస్తుంది. నేను రోజూ బొత్తాలు కుట్టేదాన్ని. ఆ పళ్లెంలో బొత్తం అంచు తాకుతూ పెరిగిన ఆ జిగురు పొర ఇప్పటికీ కళ్లముందు కదులుతుంది.

హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు బాక్టీరియా నిమ్ము మిగతావాళ్లకంటే ఎక్కువగా వస్తుంది. సీడీ4 బాగున్నా ఆ ముప్పు కొంత ఉంటుంది, పడిపోతే బాగా పెరుగుతుంది. ఎక్కువమందికి వచ్చేది న్యుమోకాకస్ అనే క్రిమితో. నాకు వచ్చినలాంటి మొండి క్రిమి మాత్రం ఎక్కువగా ఆసుపత్రుల్లో పడకేసినవాళ్లకు, యాంటీబయాటిక్స్ మీద యాంటీబయాటిక్స్ వాడినవాళ్లకు పడుతుందట. ఇది పేగుల్లో చప్పుడు లేకుండా కాపురముంటుంది. మనం మింగిన మందుకు చుట్టూ ఉన్న మెత్తటి క్రిములు చస్తాయి, మొండిది మిగిలి, చోటంతా తనదే చేసుకుంటుంది. ఎక్కడ అంటిందో చెప్పలేమన్నారు. నేనూ ఎవరినీ అనను.

ఇన్నేళ్లు వాడిన సెప్ట్రాన్ వల్ల ఇలా అయిందా అని అడిగాను. సెప్ట్రాన్ వాడేవాళ్లలో దానికి లొంగని క్రిములు పెరిగే మాట నిజమేనని, అయినా సీడీ4 తక్కువున్నప్పుడు పీసీపీ నుంచి, మెదడుకొచ్చే టాక్సోప్లాస్మా నుంచి కాపాడేది అదేనని, దాన్ని సొంతంగా ఎప్పుడూ ఆపొద్దని గట్టిగా చెప్పారు. నాకు మళ్లీ మొదలుపెట్టారు. ఇది చదివి ఎవరైనా సెప్ట్రాన్ మానేస్తారేమోనని భయమేసి ఇంత వివరంగా రాస్తున్నాను.

ఏ మందు ఇవ్వాలన్నది ఇంకో పెద్ద ఆలోచన. అమికాసిన్ ఎదురుగా ఎస్ ఉన్నా ఊపిరితిత్తుల్లో అదొక్కటే సరిగా పనిచేయదట, పైగా కిడ్నీకి బరువు. కొలిస్టిన్ పాత మందు, అదీ కిడ్నీని దెబ్బతీస్తుంది. నా టీఎల్‌డీలో ఉన్న టెనోఫోవిర్ కూడా కిడ్నీ మీద ఒక కన్నేసి ఉంచాల్సిన మందే. టీఎల్‌డీ మళ్లీ మొదలుపెట్టక తప్పదు. అన్నీ ఒకేసారి పడితే కిడ్నీ ఏమవుతుంది? నేను మళ్లీ "ఏ జబ్బూ లేదు" అని ఉంటే ఈ లెక్క వేసేవాళ్లే ఉండరు కదా. ఆ రాత్రి నిద్ర పట్టక దాన్నే తలచుకున్నాను.

చివరికి రెండు ఇంజక్షన్లు కలిపి ఇద్దామన్నారు: సెఫ్టాజిడిమ్-అవిబాక్టమ్ ఒకటి, అజ్ట్రియోనామ్ ఒకటి. నా క్రిమి దగ్గర ఎన్‌డీఎం అనే ఎంజైమ్ ఉంది. ఆ పేరులో ఎన్‌డీ అంటే న్యూఢిల్లీ. అది మెరోపెనెమ్ లాంటి మందుల్ని ముక్కలు చేస్తుంది, అజ్ట్రియోనామ్‌ను మాత్రం ఏమీ చేయలేదు. కానీ అదే క్రిమి దగ్గర అజ్ట్రియోనామ్‌ను ముక్కలు చేసే వేరే ఎంజైములు ఉంటాయి. వాటి చేతులు అవిబాక్టమ్ కట్టేస్తుంది. అప్పుడు అజ్ట్రియోనామ్ తన పని చేసుకుపోతుంది. డాక్టరుగారు కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పారు. నేను పదో తరగతి దాకానే చదివాను, అయినా అర్థమైంది. అర్థమయ్యేలా చెప్పే మనిషి దొరకడం నా అదృష్టం.

అవి రోజుకు వేల రూపాయల మందులు. తమ్ముడు తన చీటీ పాడేశాడు. నేను గాజులు తీసిచ్చాను. మరదలు ఒక్క మాట అనలేదు, రోజూ పొద్దున్నే జావ, మెత్తటి పప్పన్నం క్యారేజీలో పంపేది. నాకు వేరే కంచం, వేరే గ్లాసు పెడుతుందేమోనని ఎదురుచూశాను. ఆ క్యారేజీ ఇంటికెళ్లి వాళ్ల గిన్నెల్లోనే కలిసిపోయింది.

నాలుగో రోజుకు జ్వరం దిగింది. ఆరో రోజు ఆక్సిజన్ పైపు తీశారు. రోజు విడిచి రోజు కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ చూశారు, అది కదల్లేదు. సిస్టర్లు నా మంచం దగ్గరకొచ్చి వెళ్లేటప్పుడల్లా చేతులకు శానిటైజర్ రాసుకునేవాళ్లు, నా బీపీ మిషను వేరే ఎవరికీ వాడేవాళ్లు కాదు. మొదట చాలా బాధపడ్డాను, హెచ్‌ఐవీ వల్లే అనుకుని. కాదట. అది మొండి క్లెబ్సియెల్లా చేతుల ద్వారా పక్క మంచానికి పాకకుండా. పక్క మంచంలో షుగర్ ఉన్న పెద్దావిడ, ఆమెకు అంటితే ఏం కావాలి? తెలిశాక నేనే తమ్ముడికి గుర్తుచేసేదాన్ని, చేతులు రుద్దుకోరా అని. ఫైలు అట్ట మీద నా జబ్బు పేరు రాయలేదు. 2017లో వచ్చిన హెచ్‌ఐవీ చట్టం ప్రకారం మన అనుమతి లేకుండా ఆ సంగతి బయటపెట్టకూడదని, ఆ కారణంగా వైద్యం కాదనకూడదని మేడం చెప్పారు. అది 2018 సెప్టెంబరు నుంచి అమల్లో ఉంది. ఇది నాకు నవంబరులో తెలిసి ఉంటే ఫారం పట్టుకొచ్చిన ఆ అమ్మాయితో "నీతో ఒక్కదానితో మాట్లాడాలమ్మా" అని ఉండేదాన్ని.

డిసెంబరు 18న ఇంటికొచ్చాను. మా అమ్మాయికి కూడా అప్పుడే ఫోన్లో చెప్పాను. చాలాసేపు అటునుంచి మాట లేదు. "అమ్మా, మా ఇంట్లో ఉన్నన్నాళ్లూ మందు లేకుండా ఉన్నావా? నా కోసమా?" అంది. తర్వాత ఇద్దరం ఏడ్చాం. బాబుకు స్నానాలు చేయించినందుకు, ముద్దులు పెట్టుకున్నందుకు ఏమీ కాదని డాక్టరును అడిగి నిర్ధారించుకున్నానని చెప్పబోతే, "అది నాకు తెలుసమ్మా" అని కోప్పడింది.

ఎక్స్‌రేలో మచ్చ పూర్తిగా పోవడానికి ఇంకో రెండు నెలలు పట్టింది. ఫిబ్రవరిలో న్యుమోకాకస్‌కు పీసీవీ టీకా వేయించుకున్నాను. ఇది నాకు వచ్చిన క్లెబ్సియెల్లాను ఆపదు, కానీ మాలాంటివాళ్లకు ఎక్కువగా వచ్చేది న్యుమోకాకసే కాబట్టి ఆ దారి మూయాలన్నారు. జూన్‌లో వైరల్ లోడ్ పరీక్షలో వైరస్ కనబడలేదు, సీడీ4 262. రెండువందలు దాటాక పీపీఎస్‌వీ అనే రెండో టీకా వేశారు. ఫ్లూ టీకా ఏడాదికోసారి.

మళ్లీ మిషను తొక్కుతున్నాను, పెళ్లిళ్ల సీజన్లో రాత్రి పదింటిదాకా కూడా. మొన్న లైనింగ్ గుడ్డకు పూర్ణా మార్కెట్‌కు వెళ్లి, వానలో తడిసి, రెండు రోజులు దగ్గాను. షాపు అబ్బాయి దగ్గరకు వెళ్లలేదు. పొద్దున్నే ఏఆర్‌టీ సెంటర్‌కు వెళ్లి "మేడం, మూడో రోజు దగ్గు, నిమ్ము వచ్చిన ఛాతీ" అన్నాను. ఆక్సిజన్ 98 ఉంది. డాక్టరు ఛాతీ విని, మామూలు జలుబే, యాంటీబయాటిక్ అక్కర్లేదన్నారు. అయినా టీబీ పరీక్షకని కళ్లె డబ్బా చేతిలో పెట్టారు. మూడుసార్లు పుక్కిలించి, గాలి పీల్చి, బిగబట్టి, పొట్టలోంచి దగ్గి ఇచ్చాను. ఈసారి ల్యాబ్ తిప్పి పంపలేదు.